పాత ఇటాలియన్ మోటారు సైకిళ్లు: ఇంటి దగ్గర మరమ్మతు, సంరక్షణ

ఇటలీలో 1960ల మధ్య నుంచి 1980ల చివరి దాకా తయారైన పెద్ద మోటారు సైకిళ్లను యజమానులు ఇంటి దగ్గరే సరిచూసుకుని, రోడ్డు మీద తిరిగే స్థితిలో ఉంచుకోవడం గురించిన వ్యాసమిది. మోటో గుట్సీ, డుకాటీ, లవెర్దా, మోటో మొరీనీ ఇందులో ముఖ్యంగా వచ్చే పేర్లు. వీటిని అమ్మిన పాత దుకాణాలు చాలావరకు మూతపడ్డాయి. ఇప్పటి షోరూముల్లో కంప్యూటరు తగిలించి లోపం చదవడం నేర్చిన కుర్రవాళ్లకు పాయింట్ల గ్యాప్ అన్న మాటే కొత్త. అందువల్ల ఇటలీలో ఉన్నా, జర్మనీలో ఉన్నా, అమెరికాలో ఉన్నా పాత బండి యజమాని ఎంతో కొంత మెకానిక్కు కాక తప్పదు.

చూడ్డానికి సొగసే గానీ నమ్ముకుంటే నడిరోడ్డున దింపుతుందని ఇటాలియన్ బండికి ఒక అపఖ్యాతి ఉంది. అందులో నిజం సగమే. ఇంజను గీసిన చేతులు వేరు, వైర్లు లాగిన చేతులు వేరు అన్నట్టుంటాయి ఈ బండ్లు. క్రాంకు, గేర్లు, ఫ్రేము దశాబ్దాలు నిలిచేలా చేశారు. స్విచ్చులు, ఫ్యూజు పెట్టెలు, కనెక్టర్లు మాత్రం చవగ్గా ముగించారు. దానికి తోడు ఈ బండ్లు తిరిగిన కాలం కంటే షెడ్డులో నిలబడిన కాలమే ఎక్కువ. కాబట్టి ఇంటి మెకానిక్కు మొదట నేర్చుకోవలసింది పానా పట్టడం కాదు, అనుమానించే వరుస. ఇంజను మీదికి అనుమానం అన్నిటికంటే చివర వెళ్లాలి. ఈ వ్యాసం కూడా ఆ వరుసలోనే నడుస్తుంది.

బండ్లు, వాటి తీరు

మోటో గుట్సీ 1921లో కోమో సరస్సు ఒడ్డున మందెల్లో దెల్ లారియో ఊళ్లో మొదలైంది. జూలియో చేజారే కార్కానో రూపొందించిన 90 డిగ్రీల వి-ట్విన్ ఇంజను 1967లో వి7 అనే బండితో అమ్మకానికి వచ్చింది. క్రాంకు బండి పొడవునా పడుకుని ఉంటుంది, రెండు సిలిండర్లు ట్యాంకుకు చెరో పక్కకు పొడుచుకు వస్తాయి, వెనక చక్రాన్ని చైను బదులు షాఫ్టు తిప్పుతుంది. ఇంటి మెకానిక్కుకు ఇంతకంటే అనువైన అమరిక దొరకదు. ట్యాంకు విప్పకుండా, కుర్చీలో కూర్చునే వాల్వులు చూసుకోవచ్చు. 1971లో లీనో తోంతీ వి7 స్పోర్ట్ కోసం ఫ్రేమును కిందికి దించాడు. సిలిండర్ల మధ్య పైన కూర్చున్న డైనమోను తీసేసి, క్రాంకు ముందు కొసకు ఆల్టర్నేటరు తగిలించడం వల్లనే అది కుదిరింది. ఆ మార్పు విద్యుత్తు మరమ్మతులో మళ్లీ ఎదురవుతుంది.

డుకాటీ 1926లో బొలోనియాలో రేడియో భాగాల కంపెనీగా పుట్టింది. యుద్ధం తరువాత సైకిలుకు తగిలించే కుచ్చోలో అనే చిన్న ఇంజనుతో రోడ్డెక్కింది. 1954లో చేరిన ఫాబియో తాలియోనీ దాని రూపురేఖలు మార్చాడు. ఆయన గీసిన 750 సీసీ ట్విన్ 1971లో జీటీ పేరుతో వచ్చింది. మరుసటి ఏప్రిల్‌లో ఇమోలా 200 మైళ్ల పందెంలో పాల్ స్మార్ట్, బ్రూనో స్పజ్జారీ మొదటి రెండు స్థానాలు తెచ్చేసరికి ఆ బండి ప్రపంచానికి తెలిసింది. ఇందులో కామ్‌ను తిప్పేది చైను కాదు, నిలువు షాఫ్టు, దాని రెండు కొసల్లో కోసుగా కోసిన బెవెల్ గేర్లు. 1979 నాటి పాంతా 500తో ఆ స్థానంలో పళ్ల రబ్బరు బెల్టులు వచ్చాయి. పాత డుకాటీ కొనేవాడు ముందు అడగవలసింది బెవెలా, బెల్టా అని. పని, ఖర్చు, జాగ్రత్త అన్నీ ఆ జవాబును బట్టి మారతాయి.

లవెర్దా బ్రెగాంజే ఊరిలో వ్యవసాయ యంత్రాలు చేసే కుటుంబానిది. ట్రాక్టరు మనుషులు బైకు చేస్తే ఎలా ఉంటుందో 750 ట్విన్ అలాగే ఉంటుంది: బరువు, మొండితనం, మన్నిక. 1000 సీసీ మూడు సిలిండర్ల బండ్లలో 1980ల మొదటి దాకా క్రాంకు 180 డిగ్రీలది. బయటి రెండు పిస్టన్లు పైకి పోతుంటే మధ్యది కిందికి దిగుతుంది. ఆ అదురుకు నట్లు వదులవుతాయి, బ్రాకెట్లు పగులుతాయి. దీని యజమాని వారానికోసారి పానా పట్టుకుని బండి చుట్టూ ప్రదక్షిణం చేయడం మంచిది.

మోటో మొరీనీ వారి 3½, ఫ్రాంకో లాంబెర్తీనీ పని. 72 డిగ్రీల చిన్న వి-ట్విన్, ఆరు గేర్లు, సాదా తల, పిస్టన్ పైభాగంలోనే తొలిచిన దహన గది. బెనెల్లీ ఆరు సిలిండర్ల సెయీ, ఎం.వి. అగుస్తా నాలుగు సిలిండర్ల బండ్లు కూడా ఈ కాలానివే. వాటి విడిభాగాల ధరలు విన్నాక ఇంట్లో పానా పట్టే ధైర్యం చాలామందికి రాదు.

మాన్యువల్ చదవడానికి నాలుగు ఇటాలియన్ ముక్కలు వస్తే చాలు. పీఎంఎస్ అంటే పిస్టన్ పైకంటా వచ్చిన చోటు. అస్పిరాత్సియోనే అంటే పీల్చే వాల్వు వైపు, స్కారికో అంటే పొగ వదిలే వైపు. గుట్సీ ఫ్లైవీలు మీద డి అని చెక్కి ఉంటే కుడి సిలిండరు, ఎస్ అని ఉంటే ఎడమ. దెస్త్రా, సినిస్త్రా అన్న మాటల మొదటి అక్షరాలవి. డుకాటీ కాగితాల్లో ఓ అంటే పడుకున్న సిలిండరు, వి అంటే నిలబడ్డది. కుడి ఎడమలు ఎప్పుడూ బండి మీద కూర్చున్నవాడివే, ఎదురుగా నిలబడి చూసేవాడివి కావు. ఇది మరిచి ఒక పక్క చేయవలసిన పని రెండో పక్క చేసినవారు తక్కువేం కాదు.

వెతికే వరుస

బండి స్టార్టు కాలేదు. ముందు బ్యాటరీ వోల్టేజి చూడాలి. కొన్ని గంటలు తీరిగ్గా ఉన్న మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. తరువాత ప్లగ్గు విప్పి, దాని లోహపు ఒంటిని ఇంజనుకు ఆనించి స్పార్కు చూడాలి. అప్పుడు పెట్రోలు. ఈ మూడూ సరిగ్గా ఉన్నాయని తేలాకే కంప్రెషను గేజి బయటికి తీయాలి. దానితో చూసేటప్పుడు థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉంచాలి. వచ్చిన అంకె ఎంతన్న దానికంటే రెండు సిలిండర్ల అంకెలు దగ్గరగా ఉన్నాయా లేదా అన్నదే ముఖ్యం. ఒక పక్క తక్కువ వస్తే ప్లగ్గు రంధ్రంలో ఒక చెంచా నూనె పోసి మళ్లీ చూడాలి. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు.

రెండు సిలిండర్ల బండిలో ఒక సుఖం ఉంది. అనుమానం వచ్చిన భాగాన్ని ఇటునుంచి అటు మార్చి చూడొచ్చు. ఎడమ పక్క మిస్సింగు కొడుతోంది అనుకుందాం. కాయిళ్లు మార్చి తగిలిస్తే జబ్బు కుడికి మారిందా, దోషి కాయిలే. మారలేదా, ప్లగ్గు తీగ మార్చి చూడు, తరువాత కండెన్సరు. ఒక్కసారి ఒక్కటే మార్చాలన్నది నియమం. ఒకేసారి మూడు కొత్త భాగాలు వేసి బండి నడిపించినవాడికి బండి నడుస్తుంది గానీ, ఏది చెడిందో ఎప్పటికీ తెలియదు.

విద్యుత్తు

ముందు ఎర్తులు. ఈ బండ్లలో ఇనుప ఫ్రేమే తిరుగు తీగ. ఫ్రేముకు రంగు కొత్తగా వేయించి, అందంగా బిగించి, ఆ తరువాత ఏ దీపమూ సరిగ్గా వెలగక తల పట్టుకునే వాళ్లుంటారు. రంగు కింద లోహం తగలడం లేదు మరి. ఎర్తు తీగ కూర్చునే ప్రతి చోటా మెరిసే దాకా గీకి, బిగించాక పైన పల్చగా గ్రీజు రాయాలి. పరీక్ష చాలా తేలిక. మీటరు ఒక కొసను బ్యాటరీ నెగటివ్‌కు, రెండోది ఇంజను ఒంటికి పెట్టి స్టార్టరు నొక్కాలి. అర వోల్టు దాటి చూపిస్తే ఆ దారిలో అడ్డం ఉన్నట్టే. ఒక చెడిన ఎర్తు ఇండికేటర్లను హెడ్‌లైటుతో కలిపి ఆడిస్తుంది, హారను నొక్కితే టాకోమీటరు ముల్లును వణికిస్తుంది. దయ్యం పట్టిందనిపించే లక్షణాలు కనిపిస్తే ఎర్తునే వెతకాలి.

తరువాత ఫ్యూజులు. అప్పటి యూరపు ఫ్యూజు చిన్న టార్పెడోలా ఉంటుంది, రెండు మొనలూ రెండు ఇత్తడి రెక్కల మధ్య ఇరుక్కుని కూర్చుంటాయి. రెక్కల స్ప్రింగు సత్తువ పోతుంది, మొనకు ఆకుపచ్చ చిలుము పడుతుంది. ఫ్యూజు కాలకుండానే కరెంటు ఆగిపోతుంది. వేలితో గుండ్రంగా తిప్పితే బండి బతుకుతుంది, పది కిలోమీటర్ల తరువాత మళ్లీ చస్తుంది. ఈ పెట్టెను తీసేసి కార్లలో వాడే బ్లేడు ఫ్యూజుల పెట్టె వేయడం పాతదనాన్ని చెడగొట్టడమని కొందరు శుద్ధాచారులు గొణుగుతారు. రాత్రిపూట వంపులో హెడ్‌లైటు ఆరిపోయిన అనుభవం ఒక్కటుంటే ఆ గొణుగుడు ఆగుతుంది.

చార్జింగు దగ్గర గుట్సీ యజమానులను తరతరాలుగా ఏడిపించిన చిక్కు ఒకటుంది. బోష్ ఆల్టర్నేటరు తిరగగానే దానంతటది కరెంటు పుట్టించదు. తిరిగే రోటరులో ముందు కాస్త అయస్కాంతం రావాలి, అందుకు కావలసిన తొలి కరెంటు డాష్‌బోర్డు మీది ఎర్ర చార్జింగు దీపం గుండా వెళ్తుంది. అంటే ఆ బల్బు సూచిక మాత్రమే కాదు, సర్క్యూట్లో ఒక భాగం. బల్బు మాడిపోయిందా, ఆల్టర్నేటరు నిక్షేపంగా ఉన్నా చార్జింగు ఉండదు. తాళం తిప్పగానే ఎర్ర దీపం వెలగకపోతే ముందు ఆ చిన్న బల్బును మార్చాలి. వెలిగి, ఇంజను నడిచినా ఆరకపోతే అప్పుడు ఆల్టర్నేటరు ముందు మూత విప్పాలి. బ్రష్షులు అరిగాయా చూసి, స్లిప్ రింగుల మధ్య ఓములు కొలవాలి. ఆరోగ్యంగా ఉన్న రోటరు మూడు నాలుగు ఓములు చూపుతుంది. అసలేమీ చూపకపోతే లోపలి తీగ తెగింది. చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక తెగే రోటర్లూ ఉంటాయి, వాటిని బండి తిప్పి వచ్చిన వెంటనే కొలిస్తేనే పట్టుకోగలం. అంతా బాగున్న బండిలో ఇంజను వేగం పెంచినప్పుడు బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.4 దాకా కనిపించాలి.

స్టార్టరు నొక్కితే టిక్కుమని ఊరుకోవడం మరో పాత కథ. స్టార్టరుకు కరెంటు కలిపే సోలెనాయిడుకు వెళ్లే కరెంటు తాళం స్విచ్చు గుండా, సన్నటి తీగల గుండా చాలా దూరం తిరిగి వస్తుంది. తాళం లోపలి కాంటాక్టులు వయసు మీద పడి నల్లబడేసరికి దానికి చేరేది చాలదు. కొత్త స్టార్టరు కొనేముందు ఒక మామూలు రిలే పెట్టి, బ్యాటరీ నుంచి లావు తీగను నేరుగా సోలెనాయిడుకు ఇస్తే చాలాసార్లు అక్కడితో పోతుంది.

కాయిలుకు వెళ్లే కరెంటును తెంచి స్పార్కు పుట్టించే పాయింట్లున్న బండ్లలో గ్యాప్ సుమారు 0.4 మిల్లీమీటర్లు, ఖచ్చితమైన అంకె ఆ బండి మాన్యువల్‌లోదే పాటించాలి. పాయింట్లు తెరుచుకున్నప్పుడు నీలి నిప్పురవ్వ గట్టిగా రేగుతుంటే కండెన్సరు పోయింది. కామ్‌ను ఒరుసుకునే ఫైబరు మడమకు చుక్క గ్రీజు పెట్టకపోతే అది అరిగి గ్యాప్ మూసుకుంటుంది, టైమింగు వెనకబడుతుంది, బండి వేడెక్కి మందగిస్తుంది. మొరీనీ 3½కు ఈ బాధ లేదు. డుకాటీ ఎలెత్రోతెక్నికా చేసిన ఎలక్ట్రానిక్ ఇగ్నిషను దానికి మొదటి నుంచీ ఉంది, అది తన కరెంటు తనే పుట్టించుకుంటుంది. బ్యాటరీ చచ్చిపోయినా ఎడమ కాలితో కిక్కు కొడితే బండి లేస్తుంది. అందుకే మొరీనీలో స్పార్కు లేకపోతే బ్యాటరీని తిట్టడం దండగ. ఎలక్ట్రానిక్ ఇగ్నిషనున్న ఏ బండిలోనైనా ప్లగ్గు తీగను గాలిలో వేలాడదీసి కిక్కు కొట్టకూడదు. దూకడానికి చోటు దొరకని ఆ వోల్టేజి పెట్టె లోపలే దూకి దాన్ని చంపుతుంది.

పెట్రోలు, కార్బరేటర్లు

ఈ బండ్లలో దాదాపు అన్నిటి కార్బరేటర్ల మీదా ఒకటే పేరుంటుంది, డెల్లోర్తో. చతురస్రపు స్లైడున్న విహెచ్‌బీ పాతది, యాక్సిలరేటరు పంపున్న పిహెచ్‌ఎఫ్, పిహెచ్‌ఎం తరువాతివి. పంపున్న కార్బరేటరు తీరు తెలియక ప్లగ్గులు తడిపేసేవారు ఎక్కువ. థ్రాటిల్ తిప్పిన ప్రతిసారీ అది లోపలికి పెట్రోలు చిమ్ముతుంది. చల్లటి ఉదయం చోకు బదులు రెండు మూడు తిప్పులు సరిపోతాయి. ఇంజను వేడిగా ఉన్నప్పుడు అలవాటు కొద్దీ తిప్పితే ముంచినట్టే.

బండి నాలుగైదు కిలోమీటర్లు బాగా పోయి, దాహం వేసినట్టు ఆగిపోయి, పది నిమిషాలకు మళ్లీ లేస్తుందా? ట్యాంకు మూత తెరవండి. బుస్సుమని గాలి లోపలికి పోతే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయింది. లోపల శూన్యం ఏర్పడి పెట్రోలు దిగడం లేదు. పిన్నుతో పోయే ఈ జబ్బుకు కార్బరేటర్లు విప్పినవాళ్లు, కాయిళ్లు మార్చినవాళ్లు ఉన్నారు.

నిలబడి ఉన్న బండిలో మొదట మూసుకుపోయేది ఐడిల్ జెట్టు. దాని రంధ్రం వెంట్రుకంత. లక్షణం స్పష్టంగా ఉంటుంది: పెద్ద థ్రాటిల్‌లో బండి ఉరుకుతుంది, వదిలితే ఒక సిలిండరు పడుకుంటుంది. ఈ కచరాను తీగ పెట్టి పొడవకూడదు. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైపోతే ఆ జెట్టు ఇక పనికిరాదు. కార్బరేటరు క్లీనరు కొట్టి, గాలితో ఊది, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూస్తే గుండ్రటి చుక్క కనపడాలి.

రెండు కార్బరేటర్లు ఒకేసారి ఒకే అంత తెరుచుకోకపోతే ఇంజను కుంటుతుంది. ఇందుకు ఖరీదైన గేజులు అక్కర్లేదు. నాలుగు మీటర్ల పారదర్శక గొట్టాన్ని యు ఆకారంలో చెక్కకు బిగించి, అడుగున కాస్త నూనె నింపి, రెండు కొసలను ఇంజను పీల్చే గొట్టాల నిపిల్‌లకు తగిలిస్తే చాలు. నూనె ఎటు ఎక్కితే అటువైపు పీల్పు ఎక్కువ. కేబుల్ అడ్జస్టరు తిప్పి రెండు మట్టాలనూ సమం చేయాలి. గొట్టం పొట్టిదైతే తేడా ఎక్కువున్న రోజున ఇంజను ఆ నూనెను మొత్తం తాగేస్తుంది. పొడుగు గొట్టం అందుకే.

ఇథనాలు కలిపిన పెట్రోలు ఈ తరం బండ్లకు కొత్త శత్రువు. పాత రబ్బరు ఓ-రింగులు ఉబ్బుతాయి, ట్యాంకు కొళాయి కారడం మొదలవుతుంది. 1974 నాటి డుకాటీ 750 ఎస్‌ఎస్‌లా ఫైబర్‌గ్లాసు ట్యాంకున్న బండ్లలో రెసిన్ మెత్తబడి జిగురుగా కార్బరేటర్లలోకి దిగుతుంది. లోపల పూత వేయించడమో, బండిని నిలిపిన ప్రతిసారీ ట్యాంకు ఖాళీ చేయడమో తప్ప మరో దారి లేదు.

వాల్వులు

గుట్సీ వాల్వుల పని ఒక సాయంత్రంలో అయిపోతుంది. ఇంజను పూర్తిగా చల్లారి ఉండాలి. రెండు ప్లగ్గులూ విప్పి, టాప్ గేరు వేసి వెనక చక్రాన్ని చేత్తో తిప్పుతూ, క్లచ్ గూటి పక్కనున్న రబ్బరు మూత తీసి ఫ్లైవీలు గుర్తును చూడాలి. డి అక్షరం గుర్తుకు ఎదురొచ్చిందంటే కుడి పిస్టన్ పైన ఉన్నట్టు. కానీ అది కంప్రెషనులో పైకి వచ్చిందా, పొగ వదిలి వచ్చిందా అన్నది గుర్తు చెప్పదు. రెండు రాకర్లూ వేలితో ఆడిస్తే కదలాలి. కదలకపోతే మరో చుట్టు తిప్పాలి. తొలి వి7లో పీల్చే వాల్వుకు 0.15, పొగ వాల్వుకు 0.25 మిల్లీమీటర్లు; 850 టీ3, లె మాన్స్‌లలో రెండింటికీ 0.22. ఫీలరు గేజి బిగుతుగా కాకుండా, వెన్న పూసిన కత్తిలా జారాలి. గేజి జారినా లాక్‌నట్టు బిగించేసరికి గ్యాప్ మారుతుంది, అందుకే బిగించాక మళ్లీ కొలవాలి. ట్యాపెట్లు కాస్త చప్పుడు చేస్తున్న గుట్సీ మంచి గుట్సీ. చప్పుడు క్రమంగా తగ్గిపోతోందంటే సంతోషించకూడదు. గ్యాప్ మూసుకుపోయి, వాల్వు సరిగ్గా కూర్చోక, వేడి వదల్లేక కాలిపోబోతోంది.

డుకాటీ డెస్మో అసలు వేరే చదువు. మామూలు ఇంజనులో వాల్వును కామ్ తెరుస్తుంది, స్ప్రింగు మూస్తుంది. 1950లలో ఎక్కువ వేగానికి ఆ స్ప్రింగులు తట్టుకోలేక వాల్వు ఆలస్యంగా మూసుకునేది, పిస్టన్‌ను తాకేది. మూయడానికీ కామ్‌నే పెట్టాడు తాలియోనీ. ఒక రాకరు నెడుతుంది, రెండోది లాగుతుంది. 1956లో స్వీడిష్ గ్రాండ్ ప్రీలో 125 సీసీ డెస్మో బరిలోకి దిగిన మొదటిసారే గెలిచింది. 1968లో మార్క్ 3డి రూపంలో అది రోడ్డు బండ్లకు వచ్చింది. ఇంటి మెకానిక్కుకు దీని అర్థం, వాల్వుకొక గ్యాప్ కాదు, రెండు. ఒక్కోదాన్ని మరతో తిప్పి సరిచేయడం కుదరదు. లెక్కగట్టి, తగిన మందమున్న షిమ్ము తెప్పించుకుని వేయాలి. మూసే వైపు గ్యాప్ ఒక మిల్లీమీటరులో వందోవంతుల లెక్క. షిమ్మును పట్టి ఉంచే రెండు అర చంద్రాల తీగ ముక్కలు ఆవగింజల్లా జారిపోయేవి. వాటిని తీసే ముందు తలలోని ప్రతి కన్నంలో గుడ్డ కుక్కాలి. కుక్కని వాడు ఆ రాత్రి అయస్కాంతంతో ఇంజను లోపల వెతుక్కుంటాడు. మొదటిసారి రెండు రోజులు పట్టినా ఇది ఇంట్లో నేర్చుకోదగిన పనే. రాకర్లు, షిమ్ముల కొలతలు పుస్తకంలో రాసి పెట్టుకుంటే తరువాతి సారి సగం పని తప్పుతుంది.

బెవెల్ గేర్ల జోలికి మాత్రం ఊరికే పోకూడదు. పళ్ల మధ్య ఆట ఎంత ఉండాలన్నది షిమ్ములతో ఫ్యాక్టరీలో ఓపిగ్గా కుదిర్చిన సంగతి. విప్పి, షిమ్ములు కలిసిపోయి, మళ్లీ అమర్చబోతే గంటల తరబడి కూత, గరగర మధ్య ఊగిసలాట. బెల్టు డుకాటీలకు ఆ బాధ లేదు. కానీ పళ్ల బెల్టు తెగితే వాల్వు, పిస్టన్ ఎదురెదురు. తిరిగిన కిలోమీటర్లతో నిమిత్తం లేకుండా రెండేళ్లకోసారి బెల్టులు మార్చాలన్నది వీటిని నడిపేవారంతా పాటించే కట్టుబాటు. షెడ్డులో నిలబడ్డ బెల్టుకూ వయసు పెరుగుతుంది. పైగా ఒకే మడతలో ఏళ్లు గడిపిన రబ్బరు అక్కడే పగులుతుంది. మొరీనీలోనూ కామ్‌ను తిప్పేది పళ్ల బెల్టే. ఆ సంగతి తెలియని యజమానులే ఎక్కువ.

నూనె, సిలిండర్లు

పాత గుండ్రటి ఫ్రేము గుట్సీలో కాగితపు ఫిల్టరు లేదు, అడుగున జల్లెడ మాత్రమే. 750 డుకాటీ తొలి రకాల్లోనూ అంతే. మడ్డి క్రాంకు లోపలి గదిలో గిరగిరా తిరిగి గోడకు అంటుకునేలా ఏర్పాటు చేశారు. ఇలాంటివాటికి నూనె సుమారు 3,000 కిలోమీటర్లకే మార్చాలి. 850 టీ3తో గుట్సీకి ఫిల్టరు వచ్చింది గానీ అది నూనె తొట్టి లోపల ఉంది. మార్చాలంటే తొట్టి చుట్టూ ఉన్న అలెన్ బోల్టులన్నీ విప్పి కిందికి దించాలి. ఆ బోల్టులు సన్నవి, మర అల్యూమినియంలో. టార్క్ రెంచి లేకుండా బిగించి మర కొరికినవాడు హెలికాయిల్ అనే కొత్త మర చుట్ట వేయించుకోవలసిందే. వెనక షాఫ్టు పెట్టెకు నూనె పావు లీటరు మాత్రమే, అందులో కాస్త మాలిబ్డినం కలపాలని కంపెనీ మాన్యువల్ చెబుతుంది. వెనక టైరు మార్చిన ప్రతిసారీ అక్కడి పళ్లకు గ్రీజు రాయాలి.

1970ల గుట్సీలు చాలావాటి సిలిండర్లకు లోపల క్రోమియం పూత ఉండేది. కొత్తలో అద్దంలా మెరిసి, పాతబడ్డాక పొరలుగా లేచే పూత అది. లేచిన రేకులు నూనెలో కలిసి బేరింగులను తినేస్తాయి. మన దగ్గర అలవాటుగా అనుకున్నట్టు బండి బోరుకొచ్చింది, ఒక సైజు పెద్ద పిస్టన్ వేద్దాం అనుకోవడానికి వీల్లేదు. పూత ఉన్న సిలిండరును బోరు చేయకూడదు. పూత మళ్లీ వేయించాలి, లేదా తరువాత వచ్చిన నికెల్ పూత సిలిండర్లు కొనాలి. తొట్టి దించినప్పుడు మిగిలిన నూనెలోకి టార్చి వేసి, మెరిసే పలుకులు ఉన్నాయేమో చూడటం ఇందుకే.

బ్రేకులు, మిగతావి

బ్రెంబో కాలిపర్లు మన్నికైనవి, విడిభాగాలూ దొరుకుతాయి. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకోసారి మార్చాలి. గుట్సీ టీ3 నుంచి కాలితో తొక్కితే వెనక డిస్కుతో పాటు ముందు డిస్కుల్లో ఒకటి కూడా పడుతుంది. ఈ గొట్టాల్లోంచి గాలి తీయడానికి ఓపిక కావాలి. ముందు కాలిపరును విప్పి ఎత్తుగా కట్టి తీస్తే తేలిక. పాత డ్రమ్ము షూలలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. ఆ పొడిని గాలితో ఊదకూడదు, తడిగుడ్డతో తుడవాలి. టైరు పక్కన నాలుగంకెల గుర్తు ఉంటుంది, మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. మూడంకెలే ఉంటే అది 2000కు ముందుది, గీతలు ఎంత లోతుగా ఉన్నా తీసి పారేయాలి.

ఇక సైడ్ స్టాండు. బరువు దిగగానే దానంతటదే పైకి లేచిపోయే స్ప్రింగు స్టాండు చాలా ఇటాలియన్ బండ్లకు ఉంటుంది. దాని మీద ఆనించి బండి కింద చేయి పెట్టి పని చేయడం కంటే బుద్ధితక్కువ పని లేదు.

నాలుగు నెలలు నిలపబోయే బండికి నూనె నిలిపే ముందే మార్చాలి. పాత నూనెలోని ఆమ్లాలు శీతకాలమంతా బేరింగులను తింటూ కూర్చోకుండా. కార్బరేటరు గిన్నెలు ఖాళీ చేసి, బ్యాటరీ విప్పి లోపల పెట్టుకోవాలి. వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్టు చేసి ఆపేయడం మంచి చేస్తుందనేది అపోహ. ఇంజను వేడెక్కేలోగా ఆపితే సైలెన్సర్లలో, నూనెలో నీరు చేరుతుంది. మూసిన గదిలో అలా నడిపితే ముప్పు బండికి కాదు, మనిషికి.

తెలుగు నేల

ఈ పెద్ద ఇటాలియన్ బండ్లు ఆ రోజుల్లో మన రోడ్ల మీదికి వచ్చింది దాదాపు లేదు. మనకు ఇటలీ వచ్చింది స్కూటర్ల రూపంలో. వెస్పాను బజాజ్, తరువాత ఎల్‌ఎంఎల్ ఇక్కడ చేశాయి. లాంబ్రెట్టా యంత్రాలను ఇటలీ నుంచి కొని లక్నోలో స్కూటర్స్ ఇండియా విజయ్ సూపర్ చేసింది, ఆ కుదురు నుంచే హైదరాబాద్ ఆల్విన్ పుష్పక్ వచ్చింది. బజాజ్ చేతక్ కార్బరేటరు మీద కనిపించే స్పాకో పేరు కూడా డెల్లోర్తో లైసెన్సుదే. అంటే చేతక్ ఐడిల్ జెట్టు ఊదిన ప్రతి తెలుగు మెకానిక్కూ తెలియకుండానే డుకాటీ కార్బరేటరు సగం నేర్చుకున్నాడు. ఇప్పుడు బెనెల్లీ, మోటో మొరీనీ పేర్లతో హైదరాబాదు కంపెనీ అమ్ముతున్న బండ్లు చైనా యాజమాన్యంలోని సంస్థలవి. వాటికి ట్యాంకు మీది పేరు తప్ప ఈ వ్యాసంలోని బండ్లతో ఏ భాగమూ కలవదు. విదేశాల్లో పాత గుట్సీ కొని ఇంటికి తెచ్చుకునే తెలుగువారికి దగ్గరి చిక్కు ఇక్కడి పెట్రోలుదే. 20 శాతం ఇథనాలున్న ఇంధనం పోసే ముందు కొళాయి, కార్బరేటర్లలోని రబ్బరంతా ఇథనాలుకు తట్టుకునే రకానికి మార్చి, పెట్రోలు గొట్టాలు కొత్తవి వేసి, ఐడిల్ జెట్టు ఒక సైజు పెంచాల్సి వస్తుందేమో ప్లగ్గు రంగు చూసి తేల్చుకోవాలి.